సన్న గీత ఎక్కడ తెగుతుంది: టైమ్స్ అక్షరం, మన ముద్రణ పని

(హనుమకొండలో డిటిపి, ప్రింటింగ్ పని చేసేవాళ్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెండ్లకు నమస్కారం.

మీ చేతికి వచ్చిన కాయితం ఒకసారి చూడండి. ఒకే ఇంగ్లిష్ వాక్యం ఏడు సైజుల్లో ఉంది. 6, 8, 9, 10, 12, 14, 18 పాయింట్లు. ఎడమ పక్క తెల్ల కాయితం మీద నల్లక్షరం, కుడి పక్క నల్ల పట్టీలో తెల్లక్షరం. ఫాంటు టైమ్స్ న్యూ రోమన్. 1992లో విండోస్ 3.1తో వచ్చిన దగ్గరి నుంచి మన కంప్యూటర్లలో ఉంటున్నదే. రోజూ వాడుతున్నం కాబట్టి దాన్ని ఎవరూ నిదానంగా చూడరు. ఈ పూట చూద్దాం.

తెర మీద పెద్ద హెచ్ అక్షరం పెట్టిన. రెండు నిలువు కాళ్లు, మధ్యల ఒక అడ్డగీత. కాలు పైన, కాలు కింద అటూ ఇటూ చిన్న ముక్కలు బయటికి వచ్చినయ్ కదా, వాటినే సెరిఫ్ అంటరు. ఆ ముక్క కాలికి కలిసే మూల చూడండి. గోడకు పలక ఆనించినట్టు నిక్కచ్చిగా లేదు, జర వంపు తిరిగి కలిసింది. ఈ వంపు అందం కోసం పెట్టింది కాదు. సీసపు అక్షరాల కాలంలో సన్నటి కొన మూల దగ్గర విరిగేది, వంపు ఇస్తే బలం వచ్చేది.

మన తలకట్టు కూడ సెరిఫే అని కొందరంటరు, నేను ఒప్పుకోను. సెరిఫ్ తీసేసినా హెచ్ హెచ్చే. 'క' మీద తలకట్టు తీసి గుడి పెడితే 'కి' అయితది. తలకట్టు అచ్చును చెప్పే గుర్తు, చదువులో భాగం. ఖ, జ, ట, ణ, బ, ల లాంటి అక్షరాలకు అసలు తలకట్టే రాదు. రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్ల తెలుగు ఫాంటు ఎంచుకునే దగ్గర తప్పు జరుగుతది. ఆ మాటకు చివర్ల వస్త.

ఇప్పుడు అసలు సంగతి. హెచ్ కాలు లావు, మధ్య అడ్డగీత సన్నం. ఎంత లావు, ఎంత సన్నం? లైనోటైప్ వాళ్ల టైమ్స్ రోమన్ పోస్ట్‌స్క్రిప్ట్ ఫాంటుతో వచ్చే కొలతల ఫైలులో రాసి ఉంది. అక్షరం సైజును 1000 భాగాలు చేస్తే నిలువు గీత 84 భాగాలు, అడ్డం సన్న గీత 28 భాగాలు. సరిగ్గా మూడింట ఒకటి. టైమ్స్ న్యూ రోమన్ కూడ ఆ ఇంటిదే, తేడా మన పనికి లెక్కలోకి రాదు. ఈ 28 అనే అంకె గుర్తు పెట్టుకోండి. మన షాపుల్లో ఈ ఫాంటుతో వచ్చే తంటాలు దాదాపు అన్నీ దీని దగ్గరే మొదలైతయ్.

10 పాయింట్ల అక్షరంలో ఆ సన్న గీత ఎంత? 0.28 పాయింటు. ఒక పాయింటు 0.353 మిల్లీమీటర్లు కాబట్టి, మిల్లీమీటరులో పదో వంతు. 6 పాయింట్లకు దిగితే 0.06 మిల్లీమీటరు. 600 డిపిఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు వేసే లేజర్ ప్రింటరు ఒక్క చుక్క 0.042. అంటే 6 పాయింట్ల సన్న గీతకు ఒకటిన్నర చుక్క కూడ దక్కదు. ఒక దగ్గర ఒక చుక్క, ఇంకో దగ్గర రెండు పడతయ్. గీత గరుకుగా, తెగి తెగి కనబడేది అందుకే. ప్రింటరు చెడిపోయిందని టోనర్ మార్చి లాభం లేదు.

ఇంత సన్న గీత ఎందుకు పెట్టిన్రు అన్న ప్రశ్న రావాలె. రోమ్‌లో ట్రాజన్ స్తంభం మీద క్రీ.శ. 113 నాటి శాసనం ఉంది. ఆ అక్షరాలను ముందు చదును కుంచెతో రాసి, ఆ గీత మీదనే ఉలి నడిపిన్రని ఎడ్వర్డ్ కాటిచ్ వివరించిండు. చదును కుంచెను ఒక దిక్కు లాగితే లావు గీత, ఇంకో దిక్కు లాగితే సన్న గీత. మన వేయిస్తంభాల గుడి దగ్గర రుద్రదేవుని 1163 నాటి శాసనం చూడండి. అక్కడ గీత ఇంచుమించు ఒకే మందంలో తిరుగుతది. రెండూ రాతి మీదివే, కానీ రెండు చేతుల అలవాటు వేరు. ఆ తేడా ఇప్పటి ఫాంట్లలో కూడ ఉన్నది.

అచ్చులోకి వచ్చినంక సన్న గీత తన ఇష్టం వచ్చినట్టు సన్నబడలేదు, కాయితం ఒప్పుకున్నంత మేరకే సన్నబడ్డది. 1470లో వెనిస్‌లో నికొలా జెన్సన్, తర్వాతి శతాబ్దంలో పారిస్‌లో క్లాడ్ గారమండ్ చేసిన అక్షరాల్లో లావుకు సన్నానికి తేడా తక్కువ. అప్పటి కాయితం గరుకు, తడిపి గట్టిగా ఒత్తితే సిరా పక్కలకు పాకేది. 1757లో బర్మింగ్‌హామ్‌లో జాన్ బాస్కర్విల్ వర్జిల్ కావ్యాన్ని అచ్చు వేసేనాటికి నున్నటి కాయితం వాడిండు, అచ్చయిన తావులను వేడి పలకల మధ్య ఒత్తిండు, సిరాను ఇంకా నల్లగా చేసిండు. అంత చేసినంకనే ఆయన అక్షరంలో సన్న గీత నిలబడ్డది. ఆ శతాబ్దం చివర ఇటలీలో బొడోని దాన్ని వెంట్రుకంత చేసిండు. ఎవరి కాయితానికి తగ్గ గీత వాళ్లది.

టైమ్స్ న్యూ రోమన్ ఒక దినపత్రిక కోసం పుట్టింది. లండన్ టైమ్స్ పత్రికకు స్టాన్లీ మోరిసన్ దగ్గరుండి చేయించిండు, గీసింది విక్టర్ లార్డెంట్. 1932 అక్టోబర్ 3న ఆ పత్రిక దానితో వెలువడ్డది. ఇరుకు కాలమ్‌లో ఎక్కువ మాటలు పట్టాలె, చిన్న సైజులో కూడ చదవరావాలె. అందుకని అక్షరాల వెడల్పు తగ్గించిన్రు, చిన్న అక్షరాల ఎత్తు పెంచిన్రు. చిన్న ఎక్స్ ఎత్తు 1000లో 450, పెద్ద అక్షరం ఎత్తు 662. అంటే చిన్నది పెద్దదానిలో మూడింట రెండు వంతులకు పైన్నే. 10 పాయింట్ల టైమ్స్, 10 పాయింట్ల గారమండ్ పక్కపక్కన పెడితే టైమ్స్ పెద్దగా కనబడేది ఇందుకే. ఇంకో మాట. అప్పటి లండన్ టైమ్స్ కాయితం, ముద్రణ మిగతా దినపత్రికల కన్నా మేలురకం. ఆ భరోసాతోనే అంత సన్న గీత పెట్టగలిగిన్రు. మనం దాన్ని తెచ్చి ఎటువంటి కాయితం మీద వేస్తున్నమో ఆలోచించాలె.

ప్లేట్లతో వేసే ఆఫ్‌సెట్ ముద్రణలో అందరూ పాటించే లెక్క ఒకటుంది. నల్ల గీత 0.25 పాయింటుకు తగ్గొద్దు, నల్లలో తెల్ల గీత 0.5 పాయింటుకు తగ్గొద్దు. దీన్ని మన 28తో భాగించండి. 0.25ను 0.028తో భాగిస్తే 8.9. అంటే తెల్ల కాయితం మీద టైమ్స్ 9 పాయింట్లకు తగ్గితే పూచీ లేదు. 0.5ను భాగిస్తే 17.9. అంటే రివర్స్‌లో, నల్లలో తెల్లక్షరంగా, మామూలు టైమ్స్ 18 పాయింట్లకు తగ్గొద్దు! మన బ్రోచర్లలో, కాలేజీ ప్రాస్పెక్టస్‌లలో నీలి పట్టీ మీద 9 పాయింట్ల తెల్ల టైమ్స్ ఎన్నిసార్లు వేస్తున్నమో లెక్కలేదు. తెల్ల గీతలోకి రెండు పక్కల నుంచి సిరా పాకి వస్తది. 18కి చోటు లేదంటే బోల్డ్ పెట్టండి. టైమ్స్ బోల్డ్‌లో సన్న గీత 44 భాగాలు, కాబట్టి 12 పాయింట్లకే రివర్స్ నిలబడతది. అది కూడ కుదరకపోతే ఆ పట్టీలో సెరిఫ్ ఫాంటు పెట్టకండి, వేరేది పెట్టండి.

రంగుల పనిలో ఇంకో గండం ఉంది. వర్డ్ ఫైలులోని నలుపును ఆర్‌జిబి, అంటే తెర రంగుల నుంచి, ముద్రణ రంగులకు మార్చినప్పుడు అది నాలుగు రంగుల నలుపు అయి కూర్చుంటది. నాలుగు ప్లేట్ల మీద అక్షరం పడతది. మిషన్ మీద రిజిస్ట్రేషన్, అంటే ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చోవడం, 0.1 మిల్లీమీటరు జరగడం పెద్ద తప్పేం కాదు, ఫొటోలో తెలియనే తెలియదు. కానీ 10 పాయింట్ల టైమ్స్ సన్న గీత మొత్తం మందమే 0.1. అంత జరిగితే సియాన్ గీత ఒక దిక్కు, మెజెంటా గీత ఒక దిక్కు. అక్షరం చుట్టూ రంగుల అంచు కనబడతది. ప్లేట్లకు పంపే ముందు అక్రోబాట్‌లో అవుట్‌పుట్ ప్రివ్యూ తెరిచి, నలుపు ప్లేటు టిక్కు తీసేయండి. అక్షరాలన్నీ మాయమైతే సరి. ఇంకా బూడిదగా కనబడుతున్నయంటే అది నాలుగు రంగుల నలుపు. వెనక్కి పోయి ఒక్క నలుపు 100 శాతానికి మార్చండి.

పెండ్లి పత్రికలకు స్క్రీన్ ప్రింటింగ్ చేసేవాళ్లు ఇక్కడ ఉన్నరు. మెష్ అంటే స్క్రీన్ జాలి. 305 మెష్ అంటే అంగుళానికి 305 దారాలు, దారానికి దారానికి మధ్య దూరం 0.083 మిల్లీమీటరు. 10 పాయింట్ల సన్న గీత 0.1. గీత వెడల్పు దాదాపు ఒక దారం, దాని పక్క జాలి కన్ను కలిపినంతే ఉందన్న మాట. దారం అడ్డం వచ్చిన దగ్గర గీత తెగుతది. పైగా బంగారు సిరాలో రేకుపొడి ఉంటది కాబట్టి ఇంకా వదులు మెష్ వాడాలె. అందుకని బంగారు రంగు పత్రికల మీద ఇంగ్లిష్ పేర్లు టైమ్స్‌లో పెట్టదలిస్తే బోల్డ్ పెట్టండి, 14కు తగ్గకండి. వధూవరుల పేర్లలో గీత తెగితే ఏ ఇంటివాళ్లూ ఊరుకోరు, ఊరుకోకపోవడమే న్యాయం.

ఫ్లెక్సీల సంగతి జర తొందరగా చెప్త. మన కన్ను ఒక కళా కోణం వరకే మంచిగ విడదీయగలుగుతది. డిగ్రీలో 60వ వంతు. 30 మీటర్ల దూరంలో అది దాదాపు 9 మిల్లీమీటర్లు. ఆరు అంగుళాల ఎత్తు పెద్దక్షరాలతో టైమ్స్ పెడితే సన్న గీత 6.4 మిల్లీమీటర్లు. మేడారం తొవ్వ పొంటి బస్సులో పోయేవాళ్లకు లావు కాళ్లే కనబడతయ్, అడ్డగీతలు వెలిసిపోయినట్టు ఉంటయ్. దూరం నుంచి చదవాల్సిన దానికి ఇది తగిన అక్షరం కాదు.

దగ్గర చూపులో అన్నిటికన్నా ఎక్కువ నష్టం జిరాక్స్‌లో జరుగుతది. ఇంగ్లిష్ చిన్న ఇ (e) అక్షరం చూడండి. దాని పొట్టలో ఉన్న అడ్డగీత సన్న గీతే. కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ తీస్తే మొట్టమొదట పోయేది ఆ గీత. అది పోతే ఇ కాస్తా సి (c) అయితది. ప్రశ్నపత్రాలు, దరఖాస్తు ఫారాలు, సర్క్యులర్లు జిరాక్స్ మీద బతికే కాయితాలు. వాటికి సెరిఫే కావాలంటే గట్టి గీత ఉన్నవి తీసుకోండి. సెంచురీ స్కూల్‌బుక్ ఉంది, మోరిస్ ఫుల్లర్ బెంటన్ చదువుల పుస్తకాల కోసం చేసింది. చార్టర్ ఉంది, మాథ్యూ కార్టర్ 1987లో తక్కువ డిపిఐ ప్రింటర్లను మనసులో పెట్టుకుని చేసింది. జార్జియా కూడ కార్టర్ చేసిందే, కంప్యూటర్ తెర కోసం. తెర మీద చదవడానికి టైమ్స్ కన్నా అదే మేలు. మామూలు మానిటర్ మీద 12 పాయింట్ల టైమ్స్ సన్న గీతకు అర పిక్సెల్ కూడ రాదు. కానీ జార్జియాతో ఒక జాగ్రత్త. దాని అంకెలు ఒకటి పైకి, ఒకటి కిందికి దిగుతయ్. పట్టికలో పెడితే వరుస మెట్లు మెట్లుగా కనబడతది.

అంకెల మాట వచ్చింది కాబట్టి టైమ్స్‌లో నాకు బాగా నచ్చినది చెప్త. 0 నుంచి 9 దాక అన్ని అంకెల వెడల్పు ఒక్కటే, సైజులో సరిగ్గా సగం. 10 పాయింట్లలో ప్రతి అంకె 5 పాయింట్లు. ఎనుమాముల మార్కెట్ తక్‌పట్టీ తీసుకోండి. క్వింటాళ్లు, కిలోలు, ధర, కమీషన్, హమాలీ, మొత్తం. కుడి దిక్కు సర్దితే ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు వాటంతట అవే వస్తయ్. స్పేసులు కొట్టి జరపొద్దు. స్పేసు వెడల్పు అంకెలో సగమే, పైకి సరిపోయినట్టే ఉంటది గానీ అంకె మారంగనే తప్పుతది. సున్నా సన్నగా గుడ్డులాగ ఉంటది, పెద్ద ఓ దాదాపు ఒకటిన్నర రెట్లు వెడల్పు. బ్యాంకు ఐఎఫ్ఎస్‌సి కోడ్‌లో అయిదోది ఎప్పుడూ సున్నానే. లెటర్‌హెడ్ మీద దాన్ని ఓ కొట్టిన్రా లేదా అన్నది టైమ్స్‌లో కంటితోటే తెలిసిపోతది.

పుస్తకంలో దాని కొలువు ఎక్కడ? ఇరుకు కాలమ్ కోసం పుట్టిన అక్షరాన్ని ఏ4 కాయితం మీద ఈ చివర నుంచి ఆ చివర దాక పరిస్తే 12 పాయింట్లలో ఒక వరుసకు తొంభై అక్షరాల దాక పడతయ్. కన్ను వరుస చివర నుంచి వెనక్కి వచ్చేటప్పుడు చదివిన వరుసలోనే మళ్లీ పడతది. హాయిగా చదవాలంటే 60, 70 మధ్య ఉండాలె. డెమ్మీ 1/8 సైజు, అంటే మనం కథల సంపుటాలకు వాడే ఐదున్నర బై ఎనిమిదిన్నర అంగుళాలు, దీనికి కొలిచి కుట్టినట్టు సరిపోతది. అక్షరాల వెడల్పు 4.2 అంగుళాలు పెట్టి, 11 పాయింట్ల టైమ్స్, 14 పాయింట్ల వరుస ఎడం ఇవ్వండి. 66, 67 అక్షరాలు వస్తయ్. 70 జిఎస్‌ఎమ్ మాప్లితో కాయితం మీద 11 పాయింట్ల సన్న గీత మంచిగ నిలబడతది. థీసిస్ పని అయితే సైజు, మార్జిన్ యూనివర్సిటీ చెప్పినట్టే పెట్టాలె, వరుస ఎడం మన చేతికి వదిలేస్తే ఒకటిన్నరకు తగ్గించకండి.

వెడల్పు చాలట్లేదని కోరల్‌డ్రాలో అక్షరాన్ని పట్టుకుని లాగుతరు చూడండి, దయచేసి ఆ అలవాటు మానండి. అడ్డంగా 130 శాతం లాగితే నిలువు కాలు 84 నుంచి 109 అయితది, అడ్డగీత మాత్రం 28గానే ఉంటది. మూడు రెట్ల తేడా నాలుగు రెట్ల దాక పోతది. 70 శాతానికి నొక్కితే కాలు 59కి పడిపోయి రెండు రెట్లే మిగులుతది. ఇటు లాగినా అటు నొక్కినా అది టైమ్స్ కాదు. చోటు లేకపోతే సైజు తగ్గించండి, లేదా మాట తగ్గించమని కస్టమర్‌ను అడగండి.

బోల్డ్, ఇటాలిక్ కూడ అంతే. వాటికి వేరే ఫైళ్లు ఉన్నయ్, వేరే చేతి గీత ఉంది. ఇటాలిక్ 15.5 డిగ్రీలు వాలుతది, చిన్న ఎ (a) అక్షరం రెండంతస్తుల నుంచి ఒక్క అంతస్తుకు వస్తది, ఎఫ్ తోక వరుస కిందికి దిగుతది. ఆ ఫైలు లేని కంప్యూటర్‌లో బటన్ నొక్కితే ప్రోగ్రాం మామూలు అక్షరాన్నే తోసి వంచుతది. తెలుగుకు ఇటాలిక్ అనే సంప్రదాయమే లేదు. మన గుండ్రాలను వంచితే వత్తు ఒక దిక్కు, అక్షరం ఒక దిక్కు పోతది. తెలుగులో నొక్కి చెప్పాలంటే బోల్డ్ పెట్టండి, పుస్తకం పేరయితే కోట్లలో పెట్టండి.

ఇప్పుడు తెలుగు పక్కన టైమ్స్. మొదట్ల ఆపిన మాట ఇదే. తెలుగు ఫాంటును తలకట్టు చూసి ఎంచుకోకండి, గీత మందం చూసి ఎంచుకోండి. లావుకు సన్నానికి తేడా ఉన్న తెలుగు, ఉదాహరణకు నోటో సెరిఫ్ తెలుగు, టైమ్స్‌తో కలుస్తది. ఒకే మందం గీతతో లావుగా ఉన్న తెలుగు పక్కన టైమ్స్ పెడితే ఇంగ్లిష్ మాట ఉన్న దగ్గరల్లా వరుసలో సిరా తక్కువ పడ్డట్టు కనబడతది. సైజు కలపడానికి తెలుగు 'క', ఇంగ్లిష్ చిన్న ఎక్స్, పెద్ద హెచ్ పక్కపక్కన 100 పాయింట్లలో కొట్టండి. తలకట్టు వదిలేసి 'క' ఒడలు మాత్రం చూడండి. అది ఎక్స్ కన్నా జర పైన, హెచ్ కన్నా కిందనే ఉండాలె. అట్ల వచ్చేదాక టైమ్స్ సైజును మార్చి, ఎంత శాతం వచ్చిందో రాసి పెట్టుకోండి. మన పాత తెలుగు ఫాంట్లయిన అను ఫాంట్లలో ఒక్కోదాని ఎత్తు ఒక్కో తీరు, కాబట్టి ఫాంటు మారితే మళ్లీ కొలవాలె. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగుకు వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేసి, ఇంగ్లిష్ అక్షరాలకు, అంకెలకు గ్రెప్ స్టైల్, అంటే ఫలానా అక్షరాలు కనబడితే ఫలానా ఫాంటు పెట్టమనే సూత్రం, ఒక్కటి రాస్తే పుస్తకమంతా అదే పట్టుకుంటది. వర్డ్‌లో ఫాంట్ డబ్బా తెరిస్తే లాటిన్‌కు ఒక గడి, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్‌కు ఇంకో గడి ఉంటది. రెండింటికీ ఫాంటు, సైజు వేరువేరుగా ఇవ్వండి. అను లాంటి పాత ఫాంట్లతో చేసిన పేరా మొత్తం ఎంచుకుని టైమ్స్ నొక్కితే మాత్రం తెలుగంతా ఇంగ్లిష్ పిచ్చిగీతలైతది, అక్కడ ఇంగ్లిష్ మాటలను మాత్రమే ఎంచుకోవాలె.

వరుస ఎడం దగ్గర తెలుగు మాటే చెల్లాలె. టైమ్స్ తనంతట తాను సైజుకు 1.15 రెట్లు అడుగుతది. 'రాష్ట్రం' అనే మాట కొట్టి చూడండి, ఒక వత్తుకు తోడు ఇంకో వత్తు కిందికి దిగుతది. దాని కింది వరుసలో గుడి దీర్ఘం వస్తే రెండూ తగులుకుంటయ్. 12 పాయింట్ల తెలుగుకు 18తో మొదలు పెట్టండి. వర్డ్‌లో సింగిల్ అని వదిలేస్తే తెలుగున్న వరుస ఎడంగా, ఒట్టి ఇంగ్లిష్ వరుస దగ్గరగా పడి పేజీ కుదురుగా ఉండదు. 'ఎగ్జాక్ట్లీ' ఎంచుకుని 18 ఇవ్వండి. మరీ తక్కువిస్తే వత్తుల అడుగు కోసుకుపోయి కనబడతది.

ఫైలు పంపేటప్పుడు వర్డ్ ఫైలు కాకుండ పిడిఎఫ్ పంపండి. తెరిచి, కంట్రోల్ డి నొక్కి, ఫాంట్స్ పేజీలో ప్రతి పేరు పక్కన ఎంబెడెడ్, అంటే ఫాంటు ఫైలులోనే ఉందని, రాసి ఉందో లేదో చూడండి. లినక్స్ వాడే షాపుల్లో టైమ్స్ బదులు లిబరేషన్ సెరిఫ్ రావచ్చు. అక్షరాల వెడల్పులు టైమ్స్‌తో సమానంగా చేసిన ఫాంటు అది, కాబట్టి ఇంగ్లిష్ వరుసలు జరగవు. వెడల్పులు వేరే ఉన్నది వస్తే పేజీలు మారతయ్.

ఇప్పుడు ఆ కాయితం మళ్లీ తీయండి. వెనక బల్ల మీద లెన్సులు ఉన్నయ్, ఇద్దరికొకటి తీసుకోండి. ముందు ఎడమ పక్క 12 పాయింట్ల వరుసలో చిన్న ఇ పొట్టగీత చూడండి. అక్కణ్ణుంచి 10, 9, 8, 6కు దిగండి. గీత ఎక్కడ గరుకైందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. తర్వాత కుడి పక్క రివర్స్ పట్టీలో కింద నుంచి పైకి రండి, ఇ ఎక్కడ సి లాగ కనబడుతుందో అక్కడ ఇంకో గుర్తు. రేపు షాపులో మీ మిషన్ మీద, మీ కాయితం మీద ఇదే షీటు వేసి ఆ రెండు గుర్తులు ఎక్కడికి జరిగినయో చూడండి. ఆ గుర్తులకు ఒక్కో సైజు పైన ఉన్నవే మీ షాపుకు టైమ్స్ కనీస సైజులు.